రోలర్ లోపలి నీళ్లు: ఒక రొయ్యల ప్లాంట్‌లో లిస్టీరియా కేసు

నేను వెళ్లేసరికి ఆ ప్లాంట్‌లో మూడో శానిటైజర్ నడుస్తోంది. మొదట ఏళ్ల తరబడి సోడియం హైపోక్లోరైట్, అంటే క్లోరిన్ మందు వాడారు. తర్వాత కొన్నాళ్లు పెరాసెటిక్ యాసిడ్. దాని ఘాటుకు కళ్లు మండిపోతున్నాయని రాత్రి క్లీనింగ్ గ్యాంగ్ గోల పెట్టడంతో, అందరూ క్వాట్ అని పిలిచే బెంజాల్కోనియం క్లోరైడ్‌కు మారారు. మందు మార్చిన ప్రతిసారీ రెండు మూడు వారాలు సరుకు రిపోర్టులు బాగుండేవి. ఆ తర్వాత మళ్లీ సరుకులో లిస్టీరియా అనే బ్యాక్టీరియా పాజిటివ్ వచ్చేది. "బ్యాక్టీరియా అలవాటు పడిపోయింది సార్, ఈసారి కొత్త మాలిక్యూల్ ఇస్తాం" అని కెమికల్ కంపెనీ సేల్స్ కుర్రాడు అప్పటికే కొటేషన్ ఇచ్చి వెళ్లాడు. యాజమాన్యం నన్ను పిలిచింది కూడా ఆ కొటేషన్ మీద సంతకం పెట్టాలా వద్దా అని అడగడానికే.

ప్లాంట్ గోదావరి జిల్లాల్లో ఉంది. పేరూ ఊరూ ఇక్కడ అనవసరం. సరుకంతా వనామి రొయ్య. ఎక్కువ భాగం పచ్చిదే, తల తీసి, పొట్టు ఒలిచి, గ్రేడింగ్ చేసి, ఫ్రీజ్ చేసి పంపుతారు. ఒక్క లైన్ మాత్రం ఉడికించిన రొయ్యది. ఆవిరి కుక్కర్‌లోంచి గోడ దాటి చల్లనీళ్ల చిల్లర్‌లో పడుతుంది. అక్కడి నుంచి బెల్ట్ మీద, రొయ్యలను విడివిడిగా గడ్డకట్టించే ఐక్యూఎఫ్ ఫ్రీజర్‌లోకి, తర్వాత పైన పల్చటి మంచు పొర పట్టించే గ్లేజింగ్, ప్యాకింగ్. గొడవంతా ఈ లైన్‌లోనే.

ఉడికించిన రొయ్యను అమెరికాలో ప్యాకెట్ విప్పి, మంచు కరిగాక సాస్‌లో ముంచుకుని తినేస్తారు. మళ్లీ పొయ్యి ఎక్కదు. అందుకే 25 గ్రాముల శాంపిల్‌లో లిస్టీరియా మోనోసైటోజీన్స్ కనిపిస్తే చాలు, అక్కడ సరుకు ఆగిపోతుంది. ఈ సూక్ష్మజీవి ఫ్రిజ్ చలిలోనూ నెమ్మదిగా పెరుగుతుంది, ఉప్పుకు పెద్దగా జంకదు. ఫ్రీజర్‌లో పెరగదు గానీ చావదు. గర్భిణులకు, వృద్ధులకు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లకు ప్రాణం మీదికి తెస్తుంది. 2017-18లో దక్షిణాఫ్రికాలో పోలొనీ అనే, వండకుండా చల్లగా తినే మాంసం వల్ల వెయ్యి మందికి పైగా జబ్బు పడి, 216 మంది చనిపోయారు.

ఈ ప్లాంట్ సరుకు ఒక కంటైనర్ అమెరికాలో కొనుగోలుదారు ల్యాబ్‌లో పాజిటివ్ వచ్చింది. ఆరు వారాలకు రెండోది. మూడోది ఇక్కడే, రవాణాకు ముందు దొరికింది కాబట్టి బయటికి వెళ్లలేదు.

కుక్కర్ మీద అనుమానం మొదటి రోజే తీరింది. రొయ్య నడిమధ్య 70 డిగ్రీల వేడి 2 నిమిషాలు నిలిస్తే లిస్టీరియా బతకదు. వాళ్ల చార్టులు అంతకన్నా పైనే ఉన్నాయి, థర్మామీటర్లు సరిగ్గానే ఉన్నాయి. అంటే ఉడికాక, ప్యాకెట్‌లో పడేలోపు ఎక్కడో అంటుకుంటోంది.

శుభ్రంగా ఉన్న ఫైలు

వాళ్ల స్వాబ్ ఫైలు, అంటే యంత్రాలనూ నేలనూ తుడిచి తీసిన శాంపిళ్ల రిపోర్టుల ఫైలు, ముచ్చటగా ఉంది. ఏడాది రిపోర్టులు, తేదీల వారీగా, ప్లాస్టిక్ కవర్లలో. దాదాపు అన్నీ నెగటివ్. నేలంతా ఎప్పుడూ తడిగా ఉండే రొయ్యల ప్లాంట్‌లో డ్రెయిన్ కూడా ఏడాదంతా నెగటివ్ వచ్చిందంటే నాకు భయం వేస్తుంది. వెతికే పద్ధతిలో ఏదో లోటు ఉందనుకుంటాను.

స్వాబ్ ఎలా తీస్తారో చూపించమని క్యూసీ (నాణ్యత తనిఖీ) అమ్మాయిని అడిగాను. తెల్లవారుజామున 5 గంటలకు, శానిటైజర్ కొట్టిన పావుగంటకు వెళ్తుంది. సెలైన్‌లో తడిపిన దూది పుల్లతో బెల్ట్ పైభాగం తుడుస్తుంది. ట్యూబ్‌లో పెట్టి ఐస్ బాక్స్‌లో వేస్తే మధ్యాహ్నానికి ల్యాబ్‌కు చేరుతుంది. పద్ధతిగానే చేస్తోంది, చేతులు కూడా తడబడవు. కానీ బెల్ట్ మీద తడిగా ఉన్న క్వాట్ కూడా దూదితో పాటు ట్యూబ్‌లోకి వెళ్తోంది. అక్కడ దాని పని ఆగదు. ల్యాబ్‌కు చేరేదాకా ఆరేడు గంటలు ట్యూబ్‌లో ఉన్న బ్యాక్టీరియాను చంపుతూనే ఉంటుంది. చంపకపోయినా పెరగనివ్వదు. బెల్ట్ మీద బతికి ఉన్నది ట్యూబ్‌లో చనిపోతే రిపోర్టు నెగటివ్‌గానే వస్తుంది.

దీనికోసమే న్యూట్రలైజర్ ఉన్న ద్రవం వాడతారు. అందులోని లెసిథిన్, ట్వీన్ 80 క్వాట్‌ను పట్టేసుకుంటాయి, థయోసల్ఫేట్ క్లోరిన్ సంగతి చూసుకుంటుంది. చెప్తే నమ్మకం కుదరదని ల్యాబ్‌లో ఒక పని చేశాం. లిస్టీరియాలోనే మనిషికి హాని చేయని ఇన్నోక్వా అనే రకాన్ని ఒక స్టీల్ ముక్క మీద ఆరబెట్టి, పల్చగా క్వాట్ చల్లి, వెంటనే రెండు స్వాబ్‌లు తీశాం. ఒకటి సెలైన్‌లో, ఒకటి న్యూట్రలైజర్‌లో. రెండింటినీ ఐస్ బాక్స్‌లో ఆరు గంటలు ఉంచి, బ్యాక్టీరియా పెరిగే ప్లేట్ల మీద వేశాం. రెండు రోజుల తర్వాత సెలైన్ ప్లేట్ ఖాళీగా ఉంది. రెండోదాని నిండా నీలాకుపచ్చ చుక్కలు. ఆ అమ్మాయి రెండు ప్లేట్లూ చేతిలో పట్టుకుని "అయితే సార్, ఇన్నాళ్లూ నేను పంపినవన్నీ..." అని ఆగిపోయింది. తప్పు ఆమెది కాదని అక్కడే, మేనేజర్ వినేలా చెప్పాను. స్వాబ్ ఒక్కింటికి కొన్ని రూపాయలు మిగులుతాయని సెలైన్ కొన్నది పర్చేజ్ డిపార్ట్‌మెంట్.

శాంపిల్ తీసే వేళ కూడా మార్చాం. శానిటైజర్ కొట్టగానే తీస్తే పైపై శుభ్రం తెలుస్తుంది, అంతే. లైన్ మూడు నాలుగు గంటలు నడిచాక, నీళ్లు కారుతూ, బెల్ట్ అదురుతూ ఉన్నప్పుడు తీస్తేనే సందుల్లో ఉన్నది బయటికొస్తుంది. దూది పుల్ల మానేసి స్పాంజ్‌తో, కాస్త బలంగా రుద్ది తీయమన్నాను. బెల్ట్ పైభాగం ఒక్కటే కాకుండా అడుగు భాగం, ఫ్రేమ్ కాళ్లు, ట్రాలీ చక్రాలు, నేల తుడిచే వైపర్లు, డ్రెయిన్లు, మొత్తం 40 చోట్లు.

మొదటి రౌండ్‌లోనే 6 పాజిటివ్. మూడు డ్రెయిన్లు, ఒక వైపర్, చిల్లర్ బయటి ఫ్రేమ్ కాలు, ఆ ఫ్రేమ్ కింద కారే నీటి చుక్క. మేనేజర్ ముఖం మాడిపోయింది. నాకు మాత్రం కాస్త ఊరటగా అనిపించింది, వెతకడానికి ఇప్పుడు ఒక దిక్కు ఉంది.

నా పొరపాటు

డ్రెయిన్ ఎవరికైనా తేలిగ్గా దొరికే ముద్దాయి. ఆరింటిలో మూడు అవే కాబట్టి నేనూ అటే పరుగెత్తాను. జాలీలు తీయించి, బ్రష్షులతో తోమించి, ఫోమ్ వేయించి, క్వాట్ మోతాదు లేబుల్‌లో ఉన్న 200 పీపీఎం (పది లక్షల పాళ్లలో 200 పాళ్లు) నుంచి 400కు పెంచమన్నాను. అది తొందరపాటు. క్యూసీ మేనేజర్ నెమ్మదిగా గుర్తు చేశాడు: "సార్, ఇదే బెల్ట్ మీద యూరప్ ఆర్డర్ కూడా నడుస్తుంది." యూరప్‌లో ఆహారంలో బెంజాల్కోనియం క్లోరైడ్ కిలోకు 0.1 మిల్లీగ్రాము దాటకూడదు. సూక్ష్మజీవి సంగతి అలా ఉంచి, రసాయనం మిగిలిందని కంటైనర్ వెనక్కి వచ్చేది. మాట వెనక్కి తీసుకున్నాను.

డ్రెయిన్లు నాలుగు రోజులు నెగటివ్ వచ్చాయి, ఐదో రోజు మళ్లీ మొదలు. అక్కడికి రెండు వారాలు పోయాయి.

అప్పుడు నేను మొదటి రోజే చేయాల్సిన పని చేశాను. ప్లాంట్ లేఅవుట్‌ను పెద్ద కాగితం మీద ప్రింట్ తీయించి, పాజిటివ్ వచ్చిన ప్రతి చోటా ఎర్ర పెన్నుతో తేదీ, లైన్ మొదలై ఎన్ని గంటలైందో రాశాను. 2008లో కెనడాలో మేపుల్ లీఫ్ ఫుడ్స్ వారి టొరంటో ప్లాంట్ మాంసం తిని 22 మంది చనిపోయిన కేసు ఈ రంగంలో ఉన్న అందరికీ తెలుసు. స్లైసింగ్ యంత్రాల లోలోపల, మామూలు క్లీనింగ్ అందని చోట లిస్టీరియా కాపురం పెట్టింది. ఆ ప్లాంట్‌లో అంతకుముందే పాజిటివ్‌లు వచ్చాయి. వచ్చినప్పుడల్లా కడిగారు, నెగటివ్ వచ్చింది, ఫైలు మూసేశారు. వాటన్నిటినీ కలిపి ఒకచోట పెట్టి చూసినవాళ్లు లేరు. ఈ సంగతి ట్రైనింగుల్లో నేనే చెప్తుంటాను. అయినా నేనూ డ్రెయిన్ వెంటపడ్డాను.

కాగితం మీద ఎర్ర చుక్కలు ఒకచోటే మూగాయి. చిల్లర్‌లోంచి రొయ్య బెల్ట్ మీదికి వచ్చే చోటికి ఐదారు అడుగుల లోపు. లైన్ మొదలైన గంటలో తీసినవి నెగటివ్, మూడో గంట దాటాక తీసినవి పాజిటివ్. డ్రెయిన్లకు అక్కడి నుంచే నీళ్లు పోతున్నాయి. అక్కడి నీళ్లను వైపర్ మిగతా నేలకు పంచుతోంది. ఆపైన ఓ కుర్రాడు షిఫ్ట్ మధ్యలో, బెల్ట్ మీద రొయ్య నడుస్తుండగానే, హోస్ గన్‌తో డ్రెయిన్‌లోకి ప్రెషర్ కొడుతున్నాడు. డ్రెయిన్‌లో ఉన్నది తుంపరై గాల్లోకి లేచి మళ్లీ బెల్ట్ మీద వాలుతుంది. నేలను శుభ్రంగా ఉంచాలనే అతని తాపత్రయం. ఎవరూ వద్దని చెప్పలేదు.

బరువెక్కిన రోలర్

ఒక రాత్రి క్లీనింగ్ మొదలయ్యే వేళకు వెళ్లి చివరిదాకా ఉన్నాను. గ్యాంగ్‌లో ఎనిమిది మంది ఆడవాళ్లు, ఇద్దరు మగవాళ్లు. అందరికన్నా పెద్దావిడ పదేళ్లకు పైగా ఇదే పనిలో ఉంది. "క్లీనింగ్‌కు ఎంత టైం ఇస్తారమ్మా?" అని అడిగాను.

"కాగితంలో నాలుగు గంటలు బాబూ. లోడు లేటైతే ఆ లేటు మా గంటల్లోంచే పోద్ది."

ఆ రాత్రి వాళ్లకు చిక్కింది రెండు గంటల పది నిమిషాలు. ఆ టైంలో కంటికి కనిపించేదంతా తళతళలాడేలా చేశారు. విప్పి కడగాల్సింది ఏదీ విప్పలేదు. విప్పడానికి ఫిట్టర్ కావాలి, ఫిట్టర్ డ్యూటీ రాత్రి 10కే అయిపోతుంది.

మర్నాడు రాత్రి ఫిట్టర్‌ను ఆపి, చిల్లర్ బయటి బెల్ట్‌కు అడుగున ఉన్న రోలర్లు విప్పమన్నాం. "వీటిని ఇంతకుముందు ఎప్పుడు విప్పారు?" అంటే, "బిగించినప్పుడే సార్" అన్నాడు. ఐదు రోలర్లు విప్పి టార్పాలిన్ మీద వరసగా పెడుతూ, మూడోదాన్ని చేతిలో పట్టుకుని ఆగాడు. "ఇది బరువుగా ఉంది సార్." సంతలో కొబ్బరికాయ ఎంచుకునేవాడిలా చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. లోపల నీళ్లు కదిలిన చప్పుడు ఆ ఫ్రీజర్ హోరులోనూ వినిపించింది.

అవి బోలు రోలర్లు. ఎస్ఎస్ 304 అనే స్టెయిన్‌లెస్ స్టీల్ గొట్టానికి రెండు చివరలా మూతలు పెట్టి వెల్డింగ్ చేస్తారు. లోపలికి చుక్క నీరు వెళ్లకూడదు. టార్చి వేసి చూస్తే ఒక మూత వెల్డింగ్ అంచున వెంట్రుక కన్నా సన్నని గీత, దాని చుట్టూ తుప్పు రంగు మరక, సూదితో గుచ్చినట్టు చిన్న చిన్న గుంతలు. ఉప్పునీరు, క్లోరిన్ కలిసి ఏళ్ల తరబడి తగిలితే 304 స్టీల్‌కు ఇలాంటి గుంతలు పడతాయి. నిలువుగా పట్టుకుంటే ఆ గీతలోంచి చుక్క ఊరింది. కాసేపటికి ఇంకోటి.

పాలిథిన్ కవర్‌లో చుట్టి, వర్క్‌షాప్‌కు తీసుకెళ్లి కోయించాం. గ్లాసుడు నీళ్లు వచ్చాయి, ఎండిపోతున్న చెరువు వాసన. లోపలి గోడల మీద బూడిద రంగు జిగురు, గంజి వార్చి కడగకుండా వదిలేసిన గిన్నెకు పట్టినట్టు ఉంది. పుల్లతో గీస్తే చార పడి, మెల్లగా మళ్లీ పూడింది. ల్యాబ్‌లో అందులో లిస్టీరియా వచ్చింది, దానికి ఎన్నో రెట్లు సూడోమోనాస్ అనే ఇంకో బ్యాక్టీరియా వచ్చింది.

నీళ్లు లోపలికి ఎలా వెళ్తున్నాయో అర్థం కావడానికి ఇంకో రోజు పట్టింది. క్లీనింగ్‌లో వేడినీళ్లు తగలగానే లోపలి గాలి వ్యాకోచించి, ఆ గీతలోంచి కొంత బయటికి పోతుంది. తెల్లవారి చిల్లర్ చల్లనీళ్లు పడగానే మిగిలిన గాలి కుంచించుకుని, వెల్డింగ్ మీద ఉన్న తడిని లోపలికి లాగేస్తుంది. ఆ తడిలో రొయ్య రసం, ఫోమ్ డిటర్జెంట్ తాలూకు మిగులు, పల్చబడ్డ క్వాట్ ఉంటాయి. రోలర్ రోజుకోసారి ఊపిరి పీల్చి వదులుతోందన్నమాట. లైన్ నడిచి రెండు మూడు గంటలు అదిరాక లోపలి నీరు చుక్కగా బయటికి ఊరుతుంది, బెల్ట్ అడుగుకు అంటుతుంది. కాగితం మీద ఎర్ర పెన్నుతో రాసుకున్న మూడో గంట లెక్క దీనితో సరిపోయింది.

పాచి సంగతి

రోలర్ లోపలి ఆ జిగురును బయోఫిల్మ్ అంటారు. దానికి మన భాషలో పాచి కన్నా మంచి మాట నాకు తట్టలేదు, గ్యాంగ్‌కు కూడా అలాగే చెప్పాను. లీవెన్‌హుక్ 1680ల్లో సూక్ష్మదర్శిని కింద పెట్టి ఆశ్చర్యపోయింది కూడా తన పంటి పాచిని చూసే. బ్యాక్టీరియా తడి ఉపరితలానికి అంటుకున్నాక చక్కెరలు, ప్రొటీన్లు, డీఎన్‌ఏ కలిసిన జిగురు కక్కుకుని దానిలో కాపురం పెడుతుంది. అంటుకోవడం నిమిషాల్లో, గంటల్లో జరిగిపోతుంది. గట్టిపడటానికి కొన్ని రోజులు చాలు. లిస్టీరియా ఒంటరిగా కట్టే పాచి పల్చగానే ఉంటుంది. సూడోమోనాస్ కట్టిన మందపాటి జిగురులో తలదాచుకోవడం దానికి సుఖం.

నోరు పుక్కిలిస్తే పళ్ల పాచి పోదు, తోమాల్సిందే. శానిటైజర్ ఎంత ఖరీదైనదైనా పుక్కిలింతే. పై పొరల్లో ఉన్నవాటిని చంపుతుంది. ఆ జిగురులోని ప్రొటీన్ల మీద, చనిపోయిన కణాల మీద ఖర్చయిపోతూ అడుగుకు చేరేసరికి పల్చబడుతుంది. అడుగున ఉన్న కణాలు తిండి దొరక్క దాదాపు నిద్రలో ఉంటాయి. పెరగని కణాన్ని చంపడం కష్టం.

కొనేవాళ్లకు శానిటైజర్‌తో పాటు వచ్చే సర్టిఫికెట్ సంగతి తెలిసుండాలి. ఎక్కువ వాటి మీద ఈఎన్ 1276 అనే యూరప్ పరీక్ష పేరు ఉంటుంది. ఆ పరీక్షలో బ్యాక్టీరియాను నీటిలో విడివిడిగా తేలనిచ్చి మందు కలుపుతారు. మామూలుగా 5 నిమిషాల్లో లక్షకు ఒకటికి మించి మిగలకూడదు. అబద్ధం కాదు, నిజమైన పరీక్షే. కానీ నీటిలో తేలుతున్నవాటి లెక్క అది. సేల్స్ కుర్రాడు తెచ్చిన నాలుగో మందు కాగితాల్లోనూ అదే పరీక్ష ఉంది. ఉపరితలం మీద ఆరబెట్టి చేసే ఈఎన్ 13697 రిపోర్టు ఉందా అని అడిగితే "కనుక్కుని చెప్తాను సార్" అన్నాడు. కనుక్కున్నాడో లేదో, మళ్లీ ఫోన్ రాలేదు.

మరి అలవాటు పడటం నిజమేనా?

నిజమే, కొంతవరకు. రోలర్‌లో దొరికిన లిస్టీరియాను, వైపర్, డ్రెయిన్‌లలో దొరికినవాటిని జన్యుక్రమం చదివించడానికి పంపాం. కొనుగోలుదారు తమ దగ్గరి వివరాలు పంచుకున్నారు. కంటైనర్‌లోదీ రోలర్‌లోదీ ఒకే జాతి (స్ట్రెయిన్). అమెరికాలో ఆహార, ఔషధాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ ఇలాంటి జన్యుక్రమాలన్నీ ఒక డేటాబేస్‌లో దాస్తుంది. రేపు ఏ రోగిలోనైనా ఇదే జాతి కనిపిస్తే దారి నేరుగా ప్లాంట్ గుమ్మానికే వస్తుంది. యాజమాన్యానికి అసలు టెన్షన్ పట్టుకుంది ఈ మాట విన్నాకే.

ఈ జాతిలో బీసీఆర్ఏబీసీ అనే జన్యువుల గుంపు ఉంది. లోపలికి వచ్చిన క్వాట్‌ను బయటికి తోడేసే పంపు దాని పని. ప్లాస్మిడ్ అనే విడి డీఎన్‌ఏ ముక్క మీద ఉంటుంది కాబట్టి ఒక బ్యాక్టీరియా నుంచి ఇంకోదానికి పాకగలదు. మామూలు లిస్టీరియా సుమారు 5 పీపీఎం లోపు క్వాట్‌లోనే పెరగడం ఆపేస్తుంది. ఈ పంపు ఉన్నవి 10, ఒక్కోసారి 20 దాకా తట్టుకుంటాయి. సేల్స్ కుర్రాడు ఈ మాట వింటే ఎగిరి గంతేసేవాడు.

కానీ బెల్ట్ మీద మనం కొట్టేది 200. అంటే పది రెట్ల పైనే. శుభ్రంగా తోమిన స్టీల్ మీద ఈ పంపు ఉన్న లిస్టీరియాకూ 200 ముందు దిక్కులేదు. ల్యాబ్‌లో చేసి చూశాం, చచ్చింది. పంపు అక్కరకొచ్చేది మందు పల్చబడిన చోటే. రోలర్‌లోని నీళ్లలో క్వాట్ ఎంతుందో తక్కువ మోతాదులు కొలిచే కిట్‌తో చూస్తే 10 పీపీఎం దరిదాపుల్లో వచ్చింది. సరిగ్గా మామూలువి పెరగలేక, పంపు ఉన్నవి పెరిగే మోతాదు. ప్రతి రాత్రీ ఆ గొట్టంలోకి అంత మందు మాత్రమే చేరుతూ, ఏవి బతకాలో ఎంపిక చేస్తూ వచ్చింది.

పల్చబడటానికి గీత ఒక్కటే కారణం కాదు. ఆ ఊరి బోరు నీళ్లలో సున్నం ఎక్కువ. ఆర్‌ఓ నీళ్లు రొయ్యకు వాడేవారు, క్లీనింగ్‌కు బోరు నీళ్లే. గట్టినీటిలో క్వాట్ పదును తగ్గుతుంది. ఫోమ్ సరిగ్గా కడక్కుండా పైన క్వాట్ కొడితే, ఫోమ్‌లోని డిటర్జెంట్, క్వాట్ పరస్పరం వ్యతిరేక విద్యుదావేశం కలిగినవి కాబట్టి ఒకదాన్నొకటి పట్టుకుని రెండూ పనికిరాకుండా పోతాయి. నేల మీద నిలిచిన నీళ్లలోకి క్వాట్ కొట్టి 200 అని రాసుకుంటున్నారు. బకెట్‌లో 200 సరే, ఆ నీళ్ల గుంటలో కొలిస్తే 60 ఉంది.

ఏం మార్చాం

బోలు రోలర్లన్నీ తీయించి గట్టి రోలర్లు వేయించాం, ఆ ఒక్క లైన్‌లో 22. ఖర్చు విని యజమాని కాసేపు మాట్లాడలేదు. తర్వాత, ఆగిపోయిన కంటైనర్ ధరలో ఇది ఎన్నో వంతో తనే లెక్క వేసుకుని సరే అన్నారు. బోలు గొట్టాల ఫ్రేముల్లో బోల్టు రంధ్రాలు తెరిచి ఉన్నవాటిని మూసి వెల్డ్ చేయించాం.

క్లీనింగ్ వరస కొత్తదేమీ కాదు, పాతదాన్నే వరసగా చేయించాం. ముందు పొడిగా రొయ్య ముక్కలు ఊడ్చేయాలి. తర్వాత 40, 45 డిగ్రీల నీళ్లు. ఇంకా వేడివి వాడితే ప్రొటీన్ ఉడికి స్టీల్‌కు అతుక్కుపోతుంది. వాళ్లు మరీ మంచిదని 70 డిగ్రీల నీళ్లతో మొదలుపెట్టేవారు. పైన క్షారపు ఫోమ్, 10 నిమిషాలు, ఆరనివ్వకుండా. ఆ తర్వాత బ్రష్. ఇదే తోమడం, దీన్ని ఎగ్గొట్టి ఏ మందు కొట్టినా దండగ. కడగడం, టార్చి వేసి చూడటం, నిలిచిన నీళ్లు తోసేయడం, అప్పుడు క్వాట్. వారానికోసారి సున్నం పొర వదిలించడానికి యాసిడ్ ఫోమ్. పాచికి ఆ గరుకు సున్నం పొర కన్నా మంచి పట్టు దొరకదు. విప్పిన చిన్న భాగాలు 80 డిగ్రీల నీళ్ల తొట్టెలోకి. వేడికి పంపుతో పనిలేదు, ఏ జాతైనా చస్తుంది.

మందు విషయంలో క్వాటే ఉంచాం. వారానికి ఒక రాత్రి మాత్రం పెరాసెటిక్ యాసిడ్, కళ్లద్దాలూ మాస్కులూ ఇచ్చి, ఎగ్జాస్ట్ ఫ్యాన్లు వేసి. మందులు మార్చి మార్చి వాడాలా అన్నదాని మీద ఈ రంగంలో వాదనలు చాలా ఉన్నాయి. నా మటుకు నేను మార్పును అడ్డం పెట్టుకుని తోమడం ఎగ్గొట్టనంతవరకు మారిస్తే నష్టం లేదంటాను. పెరాసెటిక్ యాసిడ్ లాంటి ఆక్సీకరణం చేసే మందు ముందు ఆ పంపు పనికిరాదు కాబట్టి వారానికోసారి వాడటంలో అర్థముంది.

అన్నిటికన్నా కష్టపడింది మాత్రం టైం కోసం. క్లీనింగ్ గంటలు నాలుగుకు తగ్గకూడదు, లోడు లేటైతే లైన్ లేటుగా మొదలవ్వాలి. ప్రొడక్షన్ మేనేజర్ ఒప్పుకోలేదు. మూడు మీటింగులు అయ్యాయి. చివరికి ఉదయం లైన్ స్టార్ట్ చేసే అధికారం క్యూసీ సంతకానికి ఇచ్చారు. మొదటి వారంలోనే ఒక రోజు క్యూసీ అమ్మాయి సంతకం పెట్టకుండా గంటన్నర లైన్ ఆపింది. బెల్ట్ కింద ఫోమ్ ఆనవాళ్లు కనిపించాయట. ఆ రోజు ఎవరెవరు నాకు ఫోన్ చేశారో చెప్పను. రాత్రి షిఫ్ట్‌కు ఒక ఫిట్టర్‌ను వేశారు. ఏ రోజు ఏ భాగం విప్పాలో గోడ మీద చార్టు పెట్టారు, ఆ చార్టు రాసింది మూడో రోలర్ ఊపిన ఫిట్టరే. షిఫ్ట్ నడుస్తుండగా హోస్ గన్ వాడకుండా, కూలింగ్ హాల్‌లోని గన్‌లకు తాళం వేశారు.

ఆ తర్వాత 16 వారాలు, వారానికి 40 స్పాంజ్‌లు, అన్నీ లైన్ నడుస్తుండగా తీసినవే. రెండో వారంలో ఒక వైపర్, ఐదో వారంలో చిల్లర్ ఫ్రేమ్ కాలు పాజిటివ్ వచ్చాయి. కాలు అడుగున పగిలిన రబ్బరు బుష్ దొరికింది, మార్చారు. ఆరో వారం నుంచి బెల్ట్‌కు మూడడుగుల లోపు ఒక్కటీ రాలేదు. సరుకు శాంపిల్స్ అన్నీ నెగటివ్. కొత్త స్వాబ్ ఫైలు పాతదానంత అందంగా లేదు, అక్కడక్కడా ఎర్ర గీతలున్నాయి.

ప్యాకింగ్ గుమ్మం దగ్గరి డ్రెయిన్ ఒకటి మాత్రం నెలకోసారైనా పాజిటివ్ ఇస్తోంది. దాని పక్కన నేల టైల్ పగిలి, కింద నీళ్లు చేరుతున్నాయి. తొక్కితే పచక్‌మంటుంది. అన్‌సీజన్‌లో లైన్ ఆపినప్పుడు ఆ నేల మొత్తం తవ్వి వేస్తామన్నారు. అప్పటిదాకా ఆ గుమ్మం మూసేసి, ట్రాలీలను చుట్టూ తిప్పి తీసుకెళ్తున్నారు.